పసుపు నీళ్ల మీద ఇచ్చిన మాట

మా ఎమ్మెల్యేగారికి నెలకోసారి జనంతో మాట్లాడకపోతే అన్నం అరగదు. పూర్వం ఇలాంటి కబుర్లకు మైకు కట్టిన జీపు తిరిగేది. ఇప్పుడు తిన్నగా ఫోనుకే వీడియో వస్తుంది. వెనక పుస్తకాల బీరువా, ముందు పూలకుండీ, మధ్యలో ఆయన. నాలుగు భాషల్లో దండం పెట్టి మొదలుపెడతారు. మా కోసం చివర్న "అందరికీ నమస్కారం" అని ఒక్క తెలుగు ముక్క. అది వినగానే మా వీధి ఆడవాళ్లు ఫోనుకే రెండు చేతులూ జోడించేస్తారు. ఆ తర్వాత అంతా బెంగాలీ. అదీ చేపల బజారు బెంగాలీ కాదు, రేడియోలో వార్తలు చదివే బెంగాలీ.

మావాళ్లకు బెంగాలీ రాదని కాదు. మా తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికని ఖరగ్‌పూర్ వచ్చాం. అప్పటినుంచి బేరాలు బెంగాలీలో, ఆఫీసు పనులు హిందీలో, తిట్లు మాత్రం కల్తీ లేని తెలుగులో నడుపుకొస్తున్నాం. కానీ రవాణా వ్యవస్థ, పౌర సౌకర్యాలు, అనుసంధాన మార్గాలు అంటూ ఆయన గొంతు సవరించుకుంటే మా అమ్మలాంటివాళ్లు సగంలోనే దారి తప్పిపోతారు. అందుకని వీడియో వచ్చిన రోజు భోజనాలయ్యాక మా అరుగు మీద సభ. నేను ఇందా పేటలో ఒక బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి నాకు రానిది లేదని వీధిలో ఒక నమ్మకం. ఎమ్మెల్యేగారు ఒక వాక్యం పూర్తి చేయగానే ఫోను ఆపి, దాన్ని నేను తెలుగులో చెప్పాలి.

"ఇందా కూడలిలో రద్దీ తగ్గించే పని చివరి దశలో ఉందట," అనేదాన్ని. "తాల్‌బగీచాలో కాలవ పని కూడా చివరి దశలోనే ఉందట. హిజ్లీ రోడ్డు మీద దీపాలూ అంతేనట."

"మనమూ సివరి దశలోనే ఉన్నాం కదే. ఎవులి పని ముందవుతాదో సూడాల," అనేది పక్కింటి పిన్ని. ఆవిడ మాకు చుట్టం కాదు, గోడ పక్క మనిషి. కానీ మా పెరట్లో కరివేపాకు చెట్టు మీద ఆవిడకున్న హక్కు నాకు కూడా లేదు.

అలా నవ్వుకుంటూ వింటున్న సభలో ఒక నెల అమ్మ నవ్వు ఆపేసి ముందుకు వంగింది. ఆ నెల కబురు టోటోల గురించి. బ్యాటరీ మీద నడిచే మూడు చక్రాల బండిని మా దగ్గర టోటో అంటారు. దానికి కొత్త దారి వేస్తున్నారట. ఇందాలో బయల్దేరి, తాల్‌బగీచా మీదుగా తిరిగి, మా వీధి వైపు వస్తుందట.

"ఇంకోపాలి ఎట్టు," అంది అమ్మ.

మళ్లీ పెట్టాను. మా వీధి పేరు ఆయన నోట శుభ్రంగా పలికింది. దాని వెనకే "మలుపు వరకు" అన్న మాట కూడా పలికింది.

"మలుపు కాడికేనా? గుమ్మం కాడికి రాదా?"

"ఎలా వస్తుందమ్మా? రైలు ముక్కలున్నాయిగా."

ఈ రైలు ముక్కల సంగతి చెప్పాలి. ఊరి రోడ్డు మీద నుంచి మా వీధిలోకి రావాలంటే మధ్యలో రైల్వే జాగా ఒక పట్టీ దాటాలి. ఆ పట్టీ మొదట్లో, లారీలు దూరకుండా, ఏ కాలంలోనో రెండు పాత రైలు పట్టా ముక్కల్ని నిలువుగా పాతారు. వాటి మధ్య నుంచి సైకిలు పోతుంది, స్కూటీ పోతుంది, ఆవు పోతుంది. పూర్వం సైకిలు రిక్షా కూడా, తొక్కేవాడు గట్టివాడైతే, అటూ ఇటూ రాసుకుంటూ దూరిపోయేది. టోటో పట్టదు. దానికి నడుం కాస్త వెడల్పు. మామూలు మనిషికి ఆ మలుపు నుంచి మా ఇల్లు ఒక పాట పాడుకునేంత దూరం. మా అమ్మ మోకాళ్లకు మాత్రం అది కలకత్తా.

సైకిలు రిక్షాలు ఉన్న రోజుల్లో అమ్మను ఇంట్లో పట్టుకోవడం నాన్న వల్ల కూడా కాలేదు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన డ్యూటీకి వెళ్లగానే అమ్మ వంట ముగించి, జడ వేసుకుని, రిక్షా పిలిచేది. గోల్‌బజార్ వెళ్లి గాజులు చూసేది. కొనేది కాదు, ఊరికే చూసేది. తాల్‌బగీచాలో ఆవిడకొక బెంగాలీ స్నేహితురాలు ఉంది. నేను ఆవిడను దీదీ మాసీ అనేదాన్ని. ఆవిడకు పులిహోర కలపడం నేర్పి, ఆవిడ దగ్గర ఆవ పెట్టిన చేప నేర్చుకుని, రెండు ఇళ్లలోనూ మగవాళ్ల మీద చెప్పుకోవలసినవి చెప్పుకుని చీకటి పడకముందే వచ్చేసేది. తర్వాత రిక్షాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మోకాళ్లు అరిగాయి. నాన్న పోయారు. నేనూ మా ఆయనా అమ్మ దగ్గరికే వచ్చేశాం.

అప్పటినుంచి నా స్కూటీయే అమ్మకు కాళ్లు. వెనక ఒక పక్కకు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఎక్కడానికి పీట, దిగడానికి నా భుజం. "బియ్యం బస్తాలాగ ఎక్కించి దింపుతాది నా కూతురు," అని పిన్నితో చెప్పుకునేది. ఆ ఎక్కించడమైనా నాకు వీలు కుదిరినప్పుడే. బడి, పరీక్ష పేపర్లు, లోకోషెడ్డులో మా ఆయన షిఫ్టులు, ఇన్నిటి మధ్య వీలన్నది ఎక్కడ దొరుకుతుంది? "ఈ వారం కాదమ్మా, చూద్దాం," అనేదాన్ని. అమ్మ సణిగినా బాగుండేది. సణగలేదు. ఎటైనా వెళ్లాలనిపిస్తే నా చుట్టూ ఒకసారి తిరిగి, "నీకు కాళీ ఉంటేనే," అనడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఫోర్‌మన్ మా ఇంటికొచ్చి నాన్న మీద గొంతు లేపితే గరిటె పట్టుకుని బయటికొచ్చిన మనిషి, కన్న కూతురి దగ్గర సెలవు అడుగుతోంది. అది వింటే నాకు ఏడుపొచ్చేది, ఆ వెంటనే ఆవిడ మీదే విసుగొచ్చేది. ఎవరినీ అడక్కుండా తన గుమ్మం తను దాటాలని అమ్మ కోరిక. దానికి టోటో గుమ్మం దాకా రావాలి. అంతకు మించి ఆవిడ ఈ ప్రభుత్వాన్ని ఏమీ కోరలేదు.

వీడియో కింద అభిప్రాయాలు రాసే చోట ఉంటుంది కదా, అక్కడ రాయమంది. రాశాను. అటునుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మను కాసేపు చూసింది.

"దండం ఎట్టినాడు గానీ టోటో ఎట్టనేదు," అంది.

ఇంతలో మాతా పూజ రోజులు వచ్చాయి. బెంగాలీవాళ్లకు దుర్గాపూజ ఎంతో ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు మాతా పూజ అంత. చలి తగ్గి ఎండలు ముదిరేలోగా ఒక్కో పేట ఒక్కో వారం అమ్మవారిని నిలుపుకుంటుంది. ఘటం నెత్తిన పెట్టుకుని డప్పులతో ఇంటింటికీ వస్తారు. వీధి మొదట్లో వేపమండల తోరణం కడతారు. అది దాటాక కలెక్టరైనా సరే చెప్పులు విప్పాల్సిందే. ఘటం మోసే మనిషి గుమ్మం ముందుకు రాగానే ఆ ఇంటి ఆడది చెంబుతో పసుపు నీళ్లు ఆ కాళ్ల మీద పోస్తుంది. పోసేటప్పుడు తల ఎత్తకూడదు. ఆ కాసేపూ అవి అమ్మవారి కాళ్లు. మొహం చూశామా, పక్క వీధి మనిషి కనిపిస్తాడు, భక్తి చెదిరిపోతుంది. అలా తల వంచుకునే మనసులో ఉన్నది అడగాలి. పలుకు వచ్చేదాకా ఆ కాళ్లు కదలకూడదు. పలికాక ఆ పలుకు తప్పకూడదు. రైల్వే రూలు పుస్తకం కంటే దీన్నే మావాళ్లు ఎక్కువ పాటిస్తారు.

ఆ రోజు పొద్దున మా వీధికి ఘటం రావాలి. అమ్మ తలంటుకుని, పసుపు చీర కట్టుకుని, గుమ్మంలో పీట వేయించుకుని కూర్చుంది. చేతిలో ఇత్తడి చెంబు, దాన్నిండా పసుపు నీళ్లు, పైన వేపాకులు తేలుతున్నాయి. వీధిలో మాది మొదటి ఇల్లు. మా తర్వాత పిన్ని, ఆవిడ తర్వాత ఇంకొకరు, అలా చివరిదాకా గుమ్మం గుమ్మానికీ ఒక చెంబు. డప్పులు వినిపించాయి. అమ్మ తల వంచింది.

ఇక్కడ కాసేపు ఎమ్మెల్యేగారి వైపు నుంచి కూడా చూడాలి, పాపం. ఆ నెల వీడియో బదులు తానే నడిచొచ్చి కబుర్లు చెబుదామని ఆయన అనుకున్నారు. పండగ నాడైతే అందరూ గుమ్మాల్లోనే ఉంటారని సలహా ఇచ్చింది మా వీధి పెద్దమనిషే. ఆయన రిటైరైన షంటింగ్ మాస్టరు. జీవితమంతా బోగీలను అటూ ఇటూ తోయించిన అలవాటు కొద్దీ ఇప్పుడు మనుషుల్ని తోయిస్తుంటాడు. నాయకుడు ఒట్టినే నడిచొస్తే ఏం శోభ ఉంటుందని, మా అమ్మవారి డప్పులవాళ్లనే కాసేపు అడిగి తెచ్చాడు. ఘటం ఇంకా గుడి దగ్గర అలంకారంలోనే ఉంది కాబట్టి వాళ్లు ఖాళీగా ఉన్నారు. తోరణం దగ్గర ఆయన చేత తెల్ల బూట్లు, మేజోళ్లు విప్పించాడు. అన్నీ మర్యాదలే. అమ్మవారి డప్పులు, అమ్మవారి వీధి, వాటి వెంట నడిచొచ్చిన ఒట్టి కాళ్లు.

అమ్మ చెంబు మొత్తం వంచేసింది.

తెల్ల పైజామా పిక్కల దాకా పచ్చబడింది. ఆయన "ఏ కీ!", ఇదేమిటంటూ ఒక గెంతు గెంతారు. అమ్మ తల ఎత్తలేదు.

"తల్లీ, ఆ టోటో నా గుమ్మం కాడికి ఎప్పుడొత్తాది? నువ్వే సెప్పాల."

డప్పులు ఆగిపోయాయి. నేను గుమ్మం వెనక నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి, "కీ బోల్‌ఛేన్?" అన్నారు, ఏమంటున్నారని. చెప్పాను. నెలనెలా ఆయన మాటలు వీళ్లకు చెప్పే నోరే కదా, వీళ్ల మాట ఆయనకు చెప్పడానికి ఏం అడ్డం? టోటో తన గుమ్మం దాకా ఎప్పుడొస్తుందని అడుగుతోందన్నాను. ఊపులో ఉన్నాను కాబట్టి ఆచారం కూడా చెప్పేశాను, మీరు పలికేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదని. షంటింగ్ మాస్టరు నన్ను కళ్లతోనే మింగేశాడు. ఎమ్మెల్యేగారు కిందికి చూసుకున్నారు. పాదాలు పచ్చగా ఉన్నాయి. ఎదురుగా ముసలావిడ వంచిన తల ఎత్తడం లేదు. వీధి పొడుగునా చెంబులు. రాజకీయాల్లో నలిగిన మనిషికి ఎక్కడ ఒప్పుకోవాలో తెలుస్తుంది.

"హోయే జాబే, మాషీమా," అన్నారు. అయిపోతుంది పెద్దమ్మా అని.

"పలికినాది! అమ్మోరు పలికినాది!" అని పిన్ని ఒక్క కేక పెట్టింది. డప్పులవాళ్లు ఎవరి వెంట వచ్చారో మరచిపోయి అమ్మవారి దరువు అందుకున్నారు. ఆ దరువు మొదలైతే మా వీధిలో ఇంక ఎవరి చేయీ ఆగదు. పిన్ని పోసింది. ఆ పక్కావిడ పోసింది. వీధి చివరికొచ్చేసరికి ఆయన నడుం దాకా పెళ్లికొడుకైపోయారు. ఇంతకీ ఆయన చెబుదామని తెచ్చిన కబురేమిటో మాకు ఈ రోజుకీ తెలియదు. అసలు ఘటం ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది. అందరం మళ్లీ చెంబులు నింపుకున్నాం.

సాయంత్రానికి అరుగు మీద పంచాయితీ పెట్టారు. ఆ కాళ్లు అమ్మవారివి కావు కాబట్టి ఆ పలుకు చెల్లదని షంటింగ్ మాస్టరు వాదించాడు. నీళ్లు పడ్డాక కాళ్లు ఎవరివైనా మాట అమ్మవారిదేనని పిన్ని తీర్పు చెప్పింది. వీధి మొత్తం పిన్ని వైపే ఉంది. పొరపాటున పూజ జరిగినా ప్రసాదం పారేస్తామా అని ఒకావిడ అడిగితే ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

నాకు మాత్రం మొదటినుంచీ ఒక అనుమానం ఉంది. అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. వీధి చివర ఎవరి సంచిలో ఏ చేప తోక ఉందో గుమ్మంలో కూర్చుని చెబుతుంది. ఘటం మోసే ఆయనది రోజంతా ఇనుము మధ్య నిలబడే ఉద్యోగం, ఆయన మడమలు బీటలు వారి ఉంటాయి. ఎమ్మెల్యేగారి పాదాలు, మేజోళ్ల అచ్చుతో సహా, మైదాపిండి ముద్దల్లా ఉన్నాయి.

"నిజం చెప్పు. ఆ కాళ్లు చూసి అమ్మోరి కాళ్లనుకున్నావా?" అని అడిగాను.

"కాళ్ల మీద పేర్లు రాసుంటాయేటే?" అంది, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ.

తర్వాతి నెల వీడియో వచ్చింది. కూడలి, కాలవ, దీపాలు, అన్నీ యథాప్రకారం చివరి దశలోనే ఉన్నాయి. టోటో ఊసు లేదు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి, ఇత్తడి చెంబు చింతపండుతో తోమి బోర్లించింది. పిన్ని అది చూసి ఇంటికెళ్లి తన చెంబు కూడా తోముకుంది.

ఆ వారమే ఆయన మా పక్క వీధిలో మంచినీళ్ల కుళాయి తిప్పడానికి వచ్చారు. కుళాయి దగ్గర మా వీధి ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. అమ్మకు కుర్చీ వేశారు. అందరి చేతుల్లో చెంబులు, వాటి నిండా పసుపు నీళ్లు. కేకల్లేవు, అరుపుల్లేవు. ఊరికే చూస్తూ నిలబడ్డారు. ఆయన కుళాయి ఎలా తిప్పారో తెలియదు, కారెక్కడం మాత్రం చాలా తొందరగా ఎక్కారు. ఇంకోసారి మా బడి ఆటల పోటీలకు ముఖ్య అతిథిగా వచ్చారు. ప్రేక్షకుల్లో ముందు వరసలో పిన్ని, ఒళ్లో చెంబు. నేను స్కోరు చెబుతూ మైకు ముందు నిలబడి నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. కబురు ఫోనులో తాల్‌బగీచా చేరింది. మర్నాడు దీదీ మాసీ అమ్మకు ఫోను చేసి పసుపు ఎంత వేయాలని అడిగింది. ఆయన కాలవ పని చూడటానికి అటు వెళ్లినప్పుడు ఒక బెంగాలీ గుమ్మంలో కూడా చెంబు కనిపించిందట. అప్పటినుంచి ఆయన మనుషులు ఏ వీధికైనా ముందు ఒకణ్ణి పంపి, చెంబులున్నాయా లేవా అని చూపించుకునేవారని చెప్పుకున్నారు. నేను నమ్మాను.

చివరికి ఒక సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. డప్పుల్లేవు, మైకు లేదు. ముదురు రంగు ప్యాంటు వేసుకుని వచ్చారు, జాగ్రత్తపరుడు. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాను. టోటో దారి తన చేతిలో పనేనని, కానీ ఆ రైలు ముక్కలున్న జాగా తనది కాదని, వాటిని కదపాలంటే రైల్వేవాళ్ల అనుమతి రావాలని, రాశానని, మళ్లీ రాస్తానని ఓపిగ్గా చెప్పారు. నేను తెలుగులో చెప్పబోయేలోపే అమ్మ అందుకుంది. అచ్చమైన ఖరగ్‌పూర్ బెంగాలీలో, ముందు టీలో పంచదార సరిపోయిందా అని అడిగింది.

ఆయన కప్పు కింద పెట్టేశారు. "మీకు బెంగాలీ ఇంత బాగా వచ్చా? మరి ఆ రోజు తెలుగులో అడిగారేం?"

అమ్మోరితో ఎవరైనా బెంగాలీలో మాట్లాడతారా బాబూ, అంది అమ్మ, మొహంలో ఏ భావమూ లేకుండా. ఆయన పడిపడి నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఊరుకుని, అప్పుడు అడిగింది, "ఆ ఇనపముక్క ఎవరిదో నాకెందుకు? మాట ఎవరిది?"

ఆయన కాసేపు వీధి మొదటి వైపు చూశారు. "మాట నాదే," అన్నారు. ఇన్ని నెలల వీడియోల్లో ఆయన నోట అంత పొట్టి వాక్యం నేను వినలేదు. ఆ సాయంత్రం నుంచి ఆ మనిషి అంటే నాకు కొంచెం ఇష్టం ఏర్పడింది.

వానలు వచ్చి వెళ్లాయి. దుర్గాపూజ పందిళ్లకు వెదుళ్లు దిగుతున్న రోజుల్లో ఒక వీడియో వచ్చింది. అరుగు మీద అందరం కూర్చున్నాం. కూడలి చివరి దశ, కాలవ చివరి దశ, ఆ తర్వాత మా వీధి పేరు. అనుమతి వచ్చిందట, ఒక పట్టా ముక్కను తీసి పక్కకు జరిపి పాతుతారట, టోటో ఇళ్ల దాకా వెళ్తుందట. ఫోను ఆపాను. నేను చెప్పకముందే అమ్మకు అర్థమైంది. చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది, చాలాసేపు తుడిచింది.

ముక్క తీసే రోజు వీధిలో ఎవరూ పనికి వెళ్లినట్టు లేదు. మా వీధిలో ఇంటికొక రిటైరైన ఫిట్టరో వెల్డరో ఉంటాడు. గునపాలు పట్టుకున్న కూలీలు పాపం నలుగురే, సలహాలిచ్చేవాళ్లు వీధెడు. ఇటు వంచమని ఒకరు, వేడి చేయమని ఒకరు, మా కాలంలో అయితే టీ చల్లారేలోగా పీకేసేవాళ్లమని ఇంకొకరు. షంటింగ్ మాస్టరు పచ్చ తువ్వాలు ఒకటి ఊపుతూ ముందుకు, వెనక్కు అని అరుస్తూనే ఉన్నాడు. ఆ పాత ఇనుము భూమిలో ఎంత లోతుందో, మధ్యాహ్నం దాటాక గానీ కదల్లేదు. అది పక్కకు ఒరిగినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, సలహాలిచ్చిన ప్రతివాళ్లూ తమ సలహాకే.

మర్నాడు ప్రారంభోత్సవం. కొత్త టోటోకు పూలదండలు, పసుపు బొట్లు, ముందు చక్రం కింద నిమ్మకాయ. ఎమ్మెల్యేగారు వచ్చారు, తోరణం లేకపోయినా బూట్లు తోరణం ఉండే చోటే విప్పేశారు. మాషీమా మొదట ఎక్కాలన్నారు. పక్కన తాను కూర్చుంటారట, ఇందా దాకా వెళ్తారట, ఆ నెల వీడియో అదేనట. ఫోన్లు పైకి లేచాయి. అమ్మ పీట మీద నుంచి లేవలేదు.

"నానీవేళ ఎక్కను బాబూ," అంది. ఇది తెలుగులోనే అంది, నేను చెప్పాల్సి వచ్చింది. ఆయన మొహం చిన్నబోయింది. పిన్నికి కోపమొచ్చింది. "ఇన్నాళ్లూ దీనికోసరమే కదా సచ్చినావు! ఇప్పుడేటి బెట్టు?" అని గట్టిగానే తిట్టింది. చివరికి పిన్నే ఆయన పక్కన కూర్చుని ఇందా దాకా వెళ్లొచ్చింది. వీడియోలో ఆవిడ మహారాణిలా ఉంది. నాకు లోపల్లోపల మండిపోయింది. ఇంతమందిని ఇన్ని నెలలు నిలబెట్టి, తీరా బండి గుమ్మంలోకి వచ్చాక ఎక్కనంటే ఏమనుకోవాలి? ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక మామూలు రోజు, బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. మా ఇంటికి పగలు తాళం వేసి ఎన్నేళ్లయిందో. తాళంచెవి పిన్ని దగ్గర ఉంది.

"అమ్మేది?"

"నాకేటి తెలుసు? నాతో సెప్తే నీతో సెప్పేత్తానని నాకూ సెప్పనేదు."

ఫోను చేశాను. అది ఇంట్లోనే, మంచం మీద మోగింది. స్కూటీ తీసి తాల్‌బగీచా పరిగెత్తాను. దీదీ మాసీ గుమ్మంలోనే ఉంది. పొద్దున వచ్చి టీ తాగి వెళ్లిపోయిందని, మళ్లీ అదే టోటో ఎక్కిందని, ఎటో చెప్పలేదని అంది. అక్కడినుంచి ఇందా వెళ్లాను. జనం, ఆటోలు, బస్సులు, అన్ని టోటోల్లోనూ ఎవరో ఒక ముసలావిడ కూర్చునే ఉంది, ఎవరూ మా అమ్మ కాదు. ఇంటికి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ముందు భయం, ఆ తర్వాత కోపం. వస్తే ఏమేం అనాలో వరసగా అనుకుంటున్నాను.

ఆ జరిపి పాతిన రైలు ముక్క పక్క నుంచి టోటో లోపలికి మళ్లింది. వెనక సీట్లో అమ్మ ఒక్కతే. నున్నగా జడ వేసుకుంది. పెట్టెలో దాచుకున్న జరీ అంచు చీర కట్టుకుంది. చేతిలో జాల్‌ముడి పొట్లం, మరమరాలు చీర మీద రాలి ఉన్నాయి. బండి సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది. అనుకున్నవన్నీ అనేశాను. ఫోను ఎందుకు వదిలేశావన్నాను, పడిపోతే ఎవరు చూస్తారన్నాను, ఎక్కడికెళ్లావన్నాను.

"నాకేటి తెలుసే? అదెక్కడికెల్తే అక్కడికి ఎల్లినాను. ఇందా కాడ జాం అయిపోనాది, కూకోని సూసినాను. హిజ్లీ కాడ ఆడగుంటలు సైకిళ్ల మీద ఏటి తొక్కడం, ఏటి నవ్వడం! ఎంత బాగున్నాదో."

"పనేమిటి అక్కడ?"

"పనేటీ నేదు. ఊరకే."

"నాతో ఒక్క మాట అంటే నేనే తీసుకెళ్లేదాన్ని కదా!"

"అందుకే నీతో అననేదు," అంది. కోపంగా అనలేదు. చాలా మామూలుగా, ఇంత చిన్న విషయం లెక్కల టీచరుకు తెలియదా అన్నట్టు అంది. ఆవిడ మొహం చూశాను. ఎండకు ఎర్రబడి, పెదవి చివర ఆవనూనె మెరుస్తూ, చాలా ఏళ్లుగా నేను చూడని మొహం అది. సంతోషంగా ఉంది మా అమ్మ.

దింపుదామని భుజం అందించాను. పట్టుకోలేదు. సీటు మీద మరమరాలు చేత్తో దులిపి, అవతలికి జరిగి నాకు చోటు చేసింది.

"బడి అయిపోనాదా నీకు? ఎక్కు మరి," అని బండివాడి వైపు తిరిగింది. "సలో, దాదా."

స్కూటీని గుమ్మం ముందే వదిలేసి ఎక్కాను. ఎక్కడికని అడగలేదు.